పెదవి కదిలితేనే గొంతు

కుసుమకుమారి ఇంట్లో మాట్లాడదు.

అది పొగరూ కాదు, మొక్కూ కాదు. ఒక్క గేదె పాల మీద బతికే కొంప ఆ గేదెను ఎండకు తోలనట్టే, ఆమె గొంతును బయటికి తీయదు. తెనాలి పక్క పల్లె నుంచి మద్రాసుకు, సినిమా వాళ్ళ సామాన్ల వెనకే మద్రాసు నుంచి హైదరాబాదుకు చేరిన మనిషి. వృత్తి డబ్బింగు. మొదట్లో తెరమీది చంటిపిల్లలకు ఏడ్చింది. తరువాత హీరోల చెల్లెళ్ళకు ఏడ్చింది. నలభై దాటాక తల్లులకు ఏడవడం మొదలుపెట్టింది. బొంబాయి నుంచి దిగిన నటి తనకు రాని తెలుగులో పెదవులు ఆడిస్తుంది. కుసుమకుమారి ఫిలింనగర్‌లో ఓ చీకటి గదిలో నిలబడి, ఆ పెదవుల వంకే చూస్తూ "అన్నం తిని వెళ్ళరా నాన్నా" అంటుంది. ఊళ్ళల్లో జనం కొంగుతో ముక్కులు తుడుచుకుంటారు.

పొద్దంతా ఏడ్చి వచ్చాక గొంతు పచ్చిపుండు. మర్నాడు మళ్ళీ ఏడవాలి. అందుకని శ్రీనగర్ కాలనీలో వాళ్ళ వంటింటి గోడకు ఒక పలక వేలాడేది. "అన్నం గిన్నెలో ఉంది." "టీవీ ఆపు." "తలుపు గడియ పెట్టుకో." కూతురు వర్ణికకు చదవడం బడికంటే ముందు ఆ పలక దగ్గరే వచ్చింది. భర్త బసవపున్నయ్య ప్రొడక్షన్ మేనేజరుగా ఉంటూ, పిల్ల ఊయల దిగీ దిగకముందే ఎక్కడో అవుట్‌డోర్ షూటింగులో గుండె ఆగి పోయాడు. అప్పటినుంచీ ఆ ఇంటికి అన్నం గిన్నె ఆ గొంతే.

వర్ణిక బాగా చదివింది. మాదాపూర్ అద్దాల మేడల్లో ఒకదాంట్లో ఉద్యోగం సంపాదించింది. ఇల్లంతా సుఖంగా ఉందని కుసుమకుమారి అనుకుంటున్న రోజుల్లో, ఓ ఉదయం ఆఫీసు క్యాబ్ కిందికి వచ్చి హారన్ కొట్టింది. వర్ణిక ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని ఉంది. లేవలేదు. క్యాబ్ వెళ్ళిపోయింది. సాయంత్రం తల్లి డబ్బింగు నుంచి వచ్చేసరికి కూడా ఆ బూటు చేతిలోనే ఉంది.

పెద్దాసుపత్రిలో మాత్రలు రాశారు. మాత్రలకు ఒళ్ళు వచ్చింది గాని మనసు రాలేదు. పెళ్ళి చేస్తే అదే పోతుందని పక్కింటి అనసూయమ్మ చెప్పింది. ఎవరు పోతారో ఆవిడ చెప్పలేదు. చివరికి జూబ్లీహిల్స్‌లో 'లోవెలుగు' అనే చోట కొత్తరకం వైద్యం చేస్తున్నారని తెలిసి తల్లి కూతుర్ని అక్కడికి తీసుకుపోయింది.

అది ఒకప్పుడు షూటింగులకు కిరాయికిచ్చిన బంగళా. వంపు తిరిగిన ఆ మెట్ల మీద నుంచి ఎందరు జమీందార్లు దిగారో కుసుమకుమారికి తెలుసు. ఇప్పుడు ఆ మెట్ల మీద సాఫ్ట్‌వేర్ పిల్లలు చెప్పులు విప్పి, తలలు వంచుకుని ఎక్కుతున్నారు. అక్కడి డాక్టరు రఘునందన్ సిరిసిల్ల దగ్గరి రైతుబిడ్డ. ఎంత చదివినా యాస వదలని మనిషి.

"ఇది కొత్త మందేం కాదమ్మా," అన్నాడు. "ఆపరేషన్లల్ల మత్తుకిచ్చేదే. జర తక్కువిస్తే మనిషి నిద్రపోడు, తెలివిల గూడ ఉండడు. నడిమిట్ల తేల్తడు. గప్పుడు లోపలి తలుపులు తెరుసుకుంటయి. కానీ ఒట్టి మందు ఇయ్యను. దున్నని నేల మీద వాన పడితే ఏమైతది? మట్టి కొట్కపోతది. గందుకే ముందుగాల నెలరోజులు ధ్యానం. ధ్యానం దున్నుడు, మందు వాన."

"మరి విత్తనమో అండీ?" అంది కుసుమకుమారి.

డాక్టరు నవ్వాడు. "గది ఎవరిది వాళ్ళ లోపల్నే ఉంటది." ఆ తరువాత తల కొంచెం పక్కకు వంచి, "మీ గొంతు యాడ్నో విన్నట్టున్నదమ్మా," అన్నాడు. ఆ మాట ఆమెకు అలవాటే. ఊరుకుంది.

వర్ణిక నెలరోజులు పొద్దున్నే వచ్చి చాప మీద కూర్చుని ఊపిరిని చూసుకోవడం నేర్చుకుంది. ఆ తరువాత మొదటిసారి మందు ఎక్కించారు. కళ్ళకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు. చెవుల్లో ఎవరో అమెరికా ఆవిడ ఇంగ్లీషులో దారి చూపుతుంది. మత్తు డాక్టరు ఒకవైపు, బోరబండ నుంచి వచ్చే ఆయా నీలమ్మ ఒకవైపు కాపలా. బయటికి వచ్చాక పిల్ల ముఖంలో ఏదో కదిలింది.

"ఎట్లా ఉందే?" అని అడిగింది తల్లి.

"బావిలోంచి చేదను ఎవరో పైకి లాగుతున్నట్టు ఉంది. చాలాసేపు లాగారు."

"మరి ఆవిడ ఏం చెప్పింది చెవిలో?"

"ఏదో చెప్తూనే ఉంది. నేను పట్టించుకోలేదు."

ఆ సాయంత్రం దారిలో పెసరట్టు కావాలంది. అల్లం పచ్చడి మళ్ళీ వేయించుకుంది. ఏడాదిగా పిల్ల నోరు తెరిచి ఫలానాది కావాలనడం అదే మొదలు. కుసుమకుమారి బల్లకు ఇటువైపు కూర్చుని, తన అట్టు తినడం మరిచిపోయి చూసింది.

వారం తిరిగేసరికి డాక్టరుకు ఆ గొంతు ఎవరిదో జ్ఞాపకం వచ్చింది. తల్లిని ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు.

"మా దగ్గరికొచ్చే పిల్లలు పొద్దంతా ఇంగ్లీషు మాట్లాడి సచ్చి వస్తున్నరమ్మా. కండ్లు మూసినంక గూడ ఆమె ఇంగ్లీషుల చెప్తాంటే ఇంకో మీటింగుల కూసున్నట్టున్నది సార్ అంటున్నరు. గదే మీ గొంతు అయితే? ఎవ్వని చెవిలనన్న పడనీ, వాని అమ్మ పిలిచినట్టే ఉంటది. నేనే రెండు సినిమాలల్ల ఏడ్సిన."

కుసుమకుమారి పైసా వద్దంది. కూతురికి నయమయ్యే మందులో తన గొంతు కూడా పడుతుందంటే ఆమెకు ఇంకేం కావాలి. ఆనాడు అడిగిన విత్తనం దొరికిందనుకుంది. వర్ణికకు మాత్రం చెప్పలేదు. సినిమా మనిషి గదా, అసలు సంగతి ముందే చెప్పేస్తే సీను పండదని ఆమె నమ్మకం.

ఫిలింనగర్‌లో పాత థియేటరే. డాక్టరు రాసిచ్చిన కాగితం ఎదురుగా ఉంది. మైకు ఉంది. కుసుమకుమారి నోరు తెరిచింది. మాట రాలేదు. నీళ్ళు తాగింది, మళ్ళీ తెరిచింది. వచ్చిన మాట రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటులా వచ్చింది.

"బొమ్మ వెయ్యి బాబూ," అంది రికార్డింగు అబ్బాయితో.

"దీనికి బొమ్మేంటి మేడమ్? ఉత్త ఆడియో కదా."

"ఎవరో ఒకరి పెదవులు కదలాలయ్యా. లేకపోతే నాకు మాట రాదు."

అతను నవ్వి, ఏదో పాత సినిమాలో తల్లి కొడుకు తల నిమిరే సీను, శబ్దం తీసేసి వేశాడు. తెరమీద ఆవిడ పెదవులు కదిలాయి. ఇక్కడ కుసుమకుమారి గొంతు తడిసింది. "కళ్ళు మూసుకో నాన్నా. భయం వస్తే రానియ్యి. నేను ఇక్కడే ఉన్నాను. నేను వింటున్నాను నాన్నా, చెప్పు." ఒక్క టేకులో అయిపోయింది. రికార్డింగు అబ్బాయి కళ్ళు తుడుచుకుని, ఏసీ ఎక్కువైందన్నాడు.

ఆ గొంతు మొదట విహారి అనే కుర్రాడికి వేశారు. ఏదో సాఫ్ట్‌వేర్ గడువని ఫోను ఎత్తకుండా ఉన్న రాత్రి తల్లి పోతే, అప్పటినుంచి ఫోను మోగితే వణికే పిల్లాడు. గదిలోంచి బయటికి వచ్చి గోడకు నుదురు ఆనించి, చాలాసేపు ఏడ్చి, ఆ తరువాత ఆకలేస్తోందన్నాడు. కుసుమకుమారి వరండాలో కూర్చుని అదంతా చూసింది. ఇక వర్ణిక వంతు.

ఈసారి తలుపు తొందరగా తెరుచుకుంది. నీలమ్మ బయటికి వచ్చింది. "అమ్మా, జర లోపలికి రా. నీ బిడ్డ గోడకేదో ఉన్నదంటున్నది."

వర్ణిక మంచం దిగి గోడకు ఎదురుగా నిలబడి ఉంది. గంతలు మెడలో వేలాడుతున్నాయి. హెడ్‌ఫోన్లు నేల మీద ఉన్నాయి. అందులోంచి సన్నగా తల్లి గొంతు ఇంకా చెప్తూనే ఉంది. మత్తు డాక్టరు భుజం పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకుంటోంది.

"పలక తియ్యండి," అంటోంది. "ఆ పలక తియ్యండి ముందు."

"యాడున్నదమ్మా పలక? గోడకేం లేదు," అంది నీలమ్మ.

వర్ణిక తల తిప్పి గుమ్మంలో తల్లిని చూసింది. నేల మీది హెడ్‌ఫోన్లను చూసింది. ఆ తరువాత ఇంక ఎవరితోనూ మాట్లాడలేదు. కారులోనూ మాట్లాడలేదు. పెసరట్టు హోటలు వచ్చింది, పోయింది.

మర్నాడు ఉదయం వంటింట్లో కుసుమకుమారి కూతురి ముందు కాఫీ పెట్టింది. ఆ పూట ఆమెకు పెద్ద ఏడుపు సీను డబ్బింగు ఉంది. చెయ్యి దానంతటదే గోడ మీది పలక వైపు వెళ్ళింది. ఇప్పుడది పలక కాదు, తెల్లబోర్డు. బలపం పోయి పెన్ను వచ్చింది, అంతే తేడా.

"రాయకు. మాట్లాడు," అంది వర్ణిక.

తల్లి పెన్ను పెట్టేసింది.

"'నేను వింటున్నాను నాన్నా, చెప్పు' అన్నావు. ఎవరికి చెప్పావమ్మా అది?"

"నీకేనే. నీకోసమే చెప్పాను."

"నన్నెప్పుడైనా నాన్నా అని పిలిచావా? పలక మీద కూడా రాయలేదే." వర్ణిక గొంతు పెంచలేదు. "చిన్నప్పుడు నన్ను సినిమాకి తీసుకెళ్ళేదానివి. తెరమీద ఎవడో మీసాలవాడు. వాడికి నువ్వు అన్నం తినమని చెప్తావు, జ్వరమొస్తే ఏడుస్తావు. ఇంటికొస్తే నాకు 'గిన్నెలో ఉంది'. వాడు ఏం చేశాడని మా అమ్మ వాడితో మాట్లాడింది, నేను ఏం చెయ్యలేదని నాతో మాట్లాడదు అని, చాలా ఏళ్ళు అదే లెక్క తేల్చుకున్నా."

"ఆ గొంతు దాచుకోబట్టే గదే నీ చదువు. నీ బడి, నీ కాలేజీ."

"తెలుసు. అదే నాకొచ్చిన చిక్కు. కోప్పడటానికి కూడా లేదు."

కాఫీ మీద మీగడ కట్టింది. కుసుమకుమారి డబ్బింగుకు వెళ్ళింది. ఆ రోజు ఏడుపు చాలా బాగా వచ్చిందని డైరెక్టరు మెచ్చుకున్నాడు.

వర్ణిక మళ్ళీ మంచానికి అంటుకుపోయింది. లాగిన చేద కొసకు వచ్చి తాడు తెగినట్టయింది. డాక్టరు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఇంకొక్కసారి మందు తీసుకోకపోతే పిల్ల మునుపటికంటే లోతుకు పోతుందని ఆయన భయం.

"నా గొంతు తీసెయ్యండి డాక్టరు గారూ," అంది కుసుమకుమారి.

"ఈమెకు తీసేస్తమమ్మా. కానీ మిగతావాళ్ళకు మస్తు పనిచేస్తున్నది. ఎట్ల తియ్యమంటరు?"

వర్ణిక మంచం మీద నుంచే అంది. "ఇంకోసారి వస్తాను. రికార్డు వద్దు. అమ్మ నా పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎవరూ రాసిచ్చింది కాదు. తన మాట."

డాక్టరు తల్లి వంక చూశాడు. తల్లి తలూపింది. బయటికి వెళ్తూ ఆయన, గండం గడిచినట్టేనన్నాడు. ముప్పై ఏళ్ళు మాటల మీద బతికిన మనిషి ఒక్క పూట కూతురితో మాట్లాడలేదా అనుకున్నాడు పాపం.

ఆ వారం కుసుమకుమారి పనులన్నీ మానుకుంది. తలుపేసుకుని అద్దం ముందు కూర్చునేది. వర్ణీ, అనేది. ఆ తరువాత ఏమనాలి? "నువ్వు తప్ప నాకెవరున్నారే" అని వచ్చేది. ఆ మాట ఎక్కడిదో వెంటనే తెలిసిపోయేది. ఫలానా సినిమా, మూడో రీలు, ఆసుపత్రి సీను. "తల్లిని క్షమించలేవా" అని వచ్చేది. అది సీరియల్లోది. ఏ మాట తీసినా ఎవరిదో ఒకరి పెదవి ఆనవాలు ఉంది. ఊరందరి బట్టలు కుట్టిన దర్జీ తన ఒంటికి గుడ్డ వెతుక్కున్నట్టయింది. అద్దంలో తన పెదవుల వైపే చూసింది. అవి కదిలితే చెప్దామని ఆమె, ఆమె చెప్తే కదులుదామని అవి, అట్లా ఉండిపోయాయి.

మందు ఎక్కించే రోజు వచ్చింది. వర్ణిక పడుకుంది. కళ్ళకు గంతలు కట్టారు. హెడ్‌ఫోన్లు లేవు. కుసుమకుమారి పక్కన స్టూలు మీద కూర్చుంది. మత్తు డాక్టరు సూది సరిచూసుకుని వెనక్కి జరిగాడు. నీలమ్మ కాళ్ళ దగ్గర నిలబడింది. కొంతసేపటికి పిల్ల ఊపిరి మారింది.

మాట్లాడమన్నట్టు నీలమ్మ కళ్ళతో సైగ చేసింది. కుసుమకుమారి నోరు తెరిచింది. మూసింది.

అప్పుడు వర్ణిక పెదవులు కదిలాయి. శబ్దం లేదు. ఒట్టి పెదవులు.

ముప్పై ఏళ్ళ అలవాటు అది, ఆమె అనుమతి అడగలేదు. కుసుమకుమారి వెన్ను నిటారుగా అయింది, కళ్ళు ఆ పెదవుల మీద నిలిచాయి. గొంతు వచ్చింది. ఆమెది కాదు. ఎప్పుడో మద్రాసులో చంటిపిల్లలకు ఇచ్చిన సన్నటి గొంతు.

"అమ్మా, ఇవాళ బళ్ళో చిలక బొమ్మ వేశాను. టీచరు గోడకు అంటించింది."

పెదవులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అమ్మా, కడుపులో నొప్పిగా ఉంది. పొద్దుటి నుంచీ ఉంది."

నీలమ్మ చెయ్యి బుగ్గ మీదికి పోయింది. ఒక్క అక్షరం ముందుకు పోలేదు, ఒక్కటి వెనక్కి జారలేదు. కూతురి పెదవి, తల్లి గొంతు. అంత బాగా ఆమె జన్మలో ఎవరికీ డబ్బింగు చెప్పలేదు.

"అమ్మా, గొంతు నొప్పయితే చిన్నగా మాట్లాడు. చెవిలో చెప్పు చాలు. నేను ఇంకేం అడగను."

పెదవులు ఆగిపోయాయి. కొంచెం తెరుచుకుని అట్లాగే ఉన్నాయి.

కుసుమకుమారి ఎదురుచూసింది. డబ్బింగులో పద్ధతి అదే. ఒకరి మాట అయిపోతే తరువాతి మాట ఇంకొకరిది. ఆ ఇంకొకరు వచ్చి వాళ్ళది వాళ్ళు చెప్పుకుంటారు. ఎవరికి వాళ్ళే, వేరే వేరే రోజుల్లో వచ్చిపోతారు. ఆమె ఆ ఇంకొకరి కోసం చూసింది.

"అడుగుతున్నది గదమ్మా," అంది నీలమ్మ మెల్లగా. "జెప్పు."

ఎదురుగా పెదవులు కదలడం లేదు. కుసుమకుమారి నోరు తెరుచుకుని ఉంది. సీసాలో మందు అయిపోయింది.

తెలివి వచ్చాక వర్ణిక నీళ్ళు అడిగింది. తాగి, చాలాసేపు పైకప్పు వంక చూస్తూ పడుకుంది. డాక్టరు వచ్చి కూర్చున్నాడు.

"ఎవరో చిన్నపిల్ల కనిపించింది," అంది. "గుమ్మం దగ్గర నిలబడి ఏదో అడుగుతూనే ఉంది. పాపం చాలాసేపు అడిగింది. ఎవరూ పలకలేదు."

"మరి?"

"ఇంక ఎవరూ పలకరని తెలిసింది. నేనే వెళ్ళి ఎత్తుకున్నాను." కొంచెం నవ్వింది. "బరువేం లేదు."

డాక్టరు ముఖం వెలిగింది. లేచి తల్లి చేతులు పట్టుకుని, "మీ బిడ్డ బయట పడ్డదమ్మా. ఇగ ఫికర్ లేదు," అన్నాడు. కుసుమకుమారి దండం పెట్టింది. ఆ మాట నిజమే అయింది.

వర్ణిక ఉద్యోగంలో చేరింది. ఒళ్ళు తేలికపడింది. కాలక్షేపానికి బొమ్మలు వేస్తోంది. కొండాపూర్‌లో స్నేహితురాలితో కలిసి ఫ్లాటు తీసుకుంది. వెళ్ళేరోజు తల్లి కాళ్ళకు మొక్కింది, నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం కోసం కుసుమకుమారి వెతికింది. కోపమైనా ఉంటే ఇంకా ఏదో అడగాల్సింది మిగిలుందని అర్థం. కోపం లేదు.

ఇప్పుడు కుసుమకుమారి ఇంట్లో మాట్లాడుతుంది. వంటింటి గోడకున్న బోర్డు తీసేసింది. సాయంత్రం కాగానే కూతురికి ఫోను చేస్తుంది. అటువైపు రింగు ఆగిపోతుంది. కాసేపటికి ఫోనులో నాలుగు అక్షరాలు వచ్చి పడతాయి. "తిన్నాను." "మీటింగులో ఉన్నా." "బాగున్నా, పడుకో."

ఓ ఉదయం మధురానగర్ మలుపులో జంగయ్య తోపుడుబండి దగ్గర ఆమె బెండకాయలు ఏరుతోంది.

"లేతవి చూసి పెట్టు నాయనా. నిన్న ఇచ్చినవి ముదురు."

పక్కన ఎవరో స్కూటరు ఆపాడు. ఆపి, హెల్మెట్ తీసి, అట్లాగే నిలబడ్డాడు. విహారి. ఆమె ముఖం అతనికి తెలియదు. వరండాలో ఆ రోజు ఆమెను చూసే స్థితిలో లేడు.

"అమ్మా, మీరు... లోవెలుగులో చెవిలో మాట్లాడేది మీరేనా?"

ఆమె తలూపింది.

"నాకు రేపు పెళ్ళిచూపులు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు." అతను రోడ్డుకు అటూ ఇటూ చూశాడు, సిగ్గుపడ్డాడు. "తప్పుగా అనుకోకండి. ఒక్కసారి ఆ మాట అంటారా?"

అతని పెదవులు సన్నగా వణుకుతున్నాయి. కుసుమకుమారి వాటి వంక చూసింది. గొంతు వచ్చింది. తడి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

"నేను వింటున్నాను నాన్నా, చెప్పు."

అతను చెప్పాడు. అమ్మాయి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, వేసుకోబోయే చొక్కా రంగు చెప్పాడు. ఆమె ప్రతిదానికీ ఊఁ కొట్టింది. అన్నం తిని వెళ్ళమంది. అతను కళ్ళు తుడుచుకుని, ఆమెకు పెట్టాల్సిన దండం సిగ్గుతో బండి మీది కొత్తిమీర కట్టకు పెట్టి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

జంగయ్య తక్కెడ ఎత్తి పట్టుకుని ఇదంతా చూస్తూ ఉన్నాడు.

"నీ కొడుకా అమ్మా? ఎంత ముద్దుగ మాట్లాడినవు."

"కాదయ్యా," అంది కుసుమకుమారి ఒక బెండకాయ కొస తుంచి చూస్తూ. "కొడుకైతే ఇంత బాగా రాదు."